ఫుప్పు ఆడించిన నీళ్ళాటలు

మొన్న ఎండాకాలం మా మేనకోడలు రేష్మ ఫోన్ చేసి, "ఫుప్పూ, శనివారం మా బళ్ళో పిల్లలకి వాటర్ డే పెడుతున్నాం. నువ్వొచ్చి ఊరికే కుర్చీలో కూర్చో చాలు, నాకు ధైర్యంగా ఉంటుంది" అంది. మా ఇళ్ళల్లో మేనత్తని ఫుప్పు అంటాం. రేష్మ మా తమ్ముడి కూతురు. తిరువూరులో ఒక ఇల్లు అద్దెకి తీసుకుని చిన్నపిల్లల బడి నడుపుతోంది. ఇలాంటి పిలుపులకి నేను ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటాను. పిల్లలూ నీళ్ళూ ఒకచోట కనపడితే ఈ వయసులోనూ నాకు భయమే. కానీ అడిగింది రేష్మ. వెళ్ళాను. పెరట్లో గాలి ఊదిన నీలం రంగు ప్లాస్టిక్ తొట్లు, గోడకి కట్టిన చిల్లుల పైపు, అందులోంచి వాన జల్లు, సౌండు బాక్సులో పాటలు. పిల్లల కేకలు వీధి చివరిదాకా వినపడుతున్నాయి. "ఏంటి ఫుప్పూ అలా బిగుసుకుపోయావు? మోకాలి లోతు కూడా లేదు చూడు" అని నవ్వింది రేష్మ. నేనూ నవ్వాను. అంతలో ఎండకి కాలిన నేల మీదికి తొట్లో నీళ్ళు పొర్లి, తడి మట్టి వాసన గుప్పున లేచింది. ఇక అక్కడ కూర్చున్నానన్న మాటే గానీ, మనసు నేను ఫుప్పు అని పిలిచిన మా నాన్న చెల్లెలి దగ్గరికి, సామ్రాజ్యమ్మ గారి మామిడి తోటలోకి వెళ్ళిపోయింది.

మా నాన్నది పంక్చర్ల షాపు. ముందు షాపు, వెనక ఇల్లు. ఇంట్లో ఏ మూల నిలబడినా సొల్యూషన్ వాసన, వేడెక్కిన రబ్బరు వాసన. అమ్మ అన్నం వారుస్తుంటే వచ్చే గంజి వాసన కూడా ఆ రబ్బరు వాసనని దాటుకునే మా దాకా రావాలి. వాకిట్లో పాత లారీ టైర్లు, వాటి మీద ఆరేసిన బట్టలు, షాపు ముందు ట్యూబులు ముంచి గాలి బుడగలు చూసే సిమెంటు తొట్టి. ఎండాకాలం వస్తే మా వీధికి నీళ్ళ కరువు. తెల్లవారకముందే అమ్మా నేనూ చేతిపంపు దగ్గర బిందెలు వరసలో పెట్టేవాళ్ళం. మా దాదీ, అంటే నాన్నని కన్న తల్లి, నమాజుకి ముందు వజూ చేసుకునేది చిన్న చెంబుతో. ఆ చెంబులో సగం నీళ్ళతో చేతులు, ముఖం, పాదాలు కడుక్కుని, మిగిలిన సగం మల్లె మొక్కకి పోసేది. నీళ్ళు పారబోసిన వాళ్ళని దాదీ తిట్టే తిట్లు ఎదురింటి వాళ్ళకి కూడా కంఠతా వచ్చు.

ఫుప్పు పేరు బీబీజాన్. ఆమె భర్త లారీ డ్రైవరు, నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే ఉండేవాడు. వాళ్ళకి ఒక్కడే కొడుకు, కరీం. వినగడప దగ్గర చుట్టాల ఇంటికి వెళ్ళినప్పుడు, తోటి పిల్లలతో కలిసి పొలం బావిలో ఈతకి దిగి మునిగిపోయాడు. పిల్లలు భయపడి ఎవరికీ చెప్పకుండా ఇళ్ళకి పారిపోయారట. పెద్దవాళ్ళకి తెలిసేసరికి సాయంత్రమైంది. ఆ తరవాత ఫుప్పు మా ఇంటికి వచ్చేసింది. ఏడ్చిందన్న గుర్తు నాకు లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏదో ఒక పని చేస్తూనే ఉండేది. అయితే ఎక్కడైనా బిందె తొణికిన చప్పుడైతే ఉలిక్కిపడేది. గ్లాసులో నీళ్ళు కూడా ముఖం పక్కకి తిప్పుకుని తాగేది. చేతిపంపు దగ్గరికి ఆమెని ఎవరూ పంపేవాళ్ళు కాదు.

అప్పుడు నేను ఇంటర్మీడియెట్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. ఒక మధ్యాహ్నం మా తమ్ముడూ, వీధిలో పిల్లలూ తడి జుట్టుతో ఇంటికి వచ్చారు. అడిగితే పంపు దగ్గర పోసుకున్నామన్నారు. ఫుప్పు తమ్ముణ్ణి దగ్గరికి లాక్కుని తల వాసన చూసింది. పంపు నీళ్ళకి పాచి వాసన ఉండదు. ఊరి బయట ఏదో బావికి పోయారని ఆమెకి తెలిసిపోయింది. కొడుతుందని మేమంతా అనుకున్నాం. ఆమె వాడి తల తువ్వాలుతో తుడిచి, గడప మీద కూర్చుండిపోయింది. మర్నాడు పొద్దున రొట్టెల పిండి పిసుకుతూ నాతో అంది: "వద్దంటే ఆగరు షంషూ. నేను కరీంకి వద్దని చెప్పలేదా? చెప్పాను. ఇంత ఎండలో పిల్లలు నీళ్ళు వెతుక్కుంటూ పోతారు. బావి దాకా పోకముందే మనమే వాళ్ళకి నీళ్ళు చూపించాలి."

మా వీధి చివర, రోడ్డు పక్కనే సామ్రాజ్యమ్మ గారి మామిడి తోట. భర్త పోయాక వ్యవసాయమంతా ఆవిడే చూసుకునేది. తోటలో కొత్తగా బోరు వేయించి, మోటారు నీళ్ళు పడటానికి వెడల్పాటి తొట్టి కట్టించింది. తొట్టి నిండి బోదెలోకి, బోదెలోంచి చెట్ల పాదుల్లోకి నీళ్ళు పారేవి. ఫుప్పు నన్ను వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ వరండాలో కూర్చుని ఊరగాయకి ఆవాలు చెరుగుతోంది. ఫుప్పు చెప్పిందంతా విని, "ఊళ్ళో పిల్లలందర్నీ నా తోట మీదికి తోలతానంటావా? కాయ మిగులుతుందా నాకు?" అంది.

"కాయ ముట్టుకోరండి. ఎవరు ముట్టుకున్నా మర్నాడు ఆట ఉండదని ముందే చెప్తాను. మీ నీళ్ళు కూడా చుక్క పోవు. ఆడిన నీళ్ళన్నీ మీ పాదుల్లోకే పోతాయి."

"పిల్లకాయల ఆటలకి ఇంత అవసరం ఏమొచ్చిందమ్మా నీకు?"

ఫుప్పు తలవంచుకుని చెప్పింది. కరీం మాట ఆమె నోట బయటివాళ్ళ ముందు వినడం నాకు అదే మొదలు. సామ్రాజ్యమ్మ గారు చేట పక్కన పెట్టేసింది. తరవాత ఫుప్పే అడిగింది, "తోటలో బావి ఏమన్నా ఉందాండి?" అని. "ఆ చివర పాత దిగుడు బావి ఉంది. బోరు వేశాక అటు ఎవరూ పోవట్లేదు. ముళ్ళకంప కొట్టించి అడ్డం వేయిస్తాలే" అంది ఆవిడ.

ఇంట్లో ఈ సంగతి తెలిసి దాదీ మండిపడింది. "నీళ్ళు నీ బిడ్డని తీసుకుపోతే, నువ్వు ఊరి బిడ్డల్ని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్తావా? రేపు ఎవరికైనా ఏదైనా అయితే ఈ వీధిలో ముఖం ఎత్తుకుని తిరగగలమా?" అని. నాన్న ట్యూబుకి అతుకు వేస్తూ కూర్చున్నాడు. ఫుప్పు మాత్రం మర్నాడు కరెంటు రాగానే మోటారు చప్పుడు విని బయల్దేరింది. ఆ రోజుల్లో పొలాల కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. అందుకని మా ఆటకి వేళంటూ ఉండేది కాదు. తోటలో మోటారు మోగితే వీధిలో పిల్లలు తింటున్న పళ్ళేల ముందు నుంచి లేచి పరిగెత్తేవాళ్ళు. ఆ మొదటి రోజు దాదీ కూడా తన తమలపాకుల పాన్‌దాను చంకన పెట్టుకుని మా వెనకే వచ్చింది. నులక మంచం వేయించుకుని చెట్టు కింద కూర్చుని, "నేను ఆట చూడ్డానికి రాలేదు, మిమ్మల్ని చూడ్డానికి వచ్చాను" అంది. ఆ రోజు మొదలు ఒక్కరోజు కూడా మానలేదు.

ఆడించడమంటే పిల్లల్ని నీళ్ళలోకి వదిలేయడం కాదని నాకు ఫుప్పు దగ్గరే తెలిసింది. తొట్టి అడుగున ఉన్న కన్నానికి పెట్టిన గుడ్డల ఉండ లాగేసి, నీళ్ళు చిన్నపిల్లల మోకాళ్ళకి దిగేదాకా ఎవర్నీ లోపలికి రానిచ్చేది కాదు. ఆటలన్నీ తనే కల్పించింది. మేకుతో చిల్లులు పొడిచిన డబ్బాని తొట్లో ముంచుకుని, కారిపోయేలోపు పరిగెత్తి దూరంగా ఉన్న బిందెలో పోయాలి. ఎవరి జట్టు బిందె ముందు నిండితే వాళ్ళు గెలిచినట్టు. వరసగా కూర్చుని నీళ్ళ గిన్నె తల మీదుగా వెనక వాళ్ళకి అందించాలి. తడిపిన గుడ్డని బంతిలా చుట్టి విసిరితే, తగిలినవాడు దొంగ. చిన్నవాళ్ళకి బోదెలో మామిడాకుల పడవలు. నాన్న షాపులోంచి తెచ్చిన పాత లారీ ట్యూబు ఒకటి తొట్లో తేలుతుండేది. దాని మీద కూర్చోవడానికి వంతులు, వంతుల కోసం తగవులు, తగవు తీర్చడానికి దాదీ తీర్పులు. వీటన్నిటికీ పైన ఫుప్పు పెట్టిన నియమం ఒకటుంది. ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక జోడీ. లారీ వెనక్కి తీసేటప్పుడు క్లీనరు ఊదే విజిలు ఒకటి ఆమె మెడలో వేలాడేది. ఆ విజిలు మోగితే, ఆట ఎంత రసపట్టులో ఉన్నా సరే, జోడీ చెయ్యి పట్టుకుని పైకెత్తి నిలబడాలి. పిల్లలకి అది కూడా ఆటే. అన్నిటికన్నా అదే ఎక్కువ ఇష్టపడేవాళ్ళు. ఫుప్పు మాత్రం ఏ రోజూ నీళ్ళలో కాలు పెట్టలేదు. గట్టు మీదే నిలబడేది, చూపు ఒక్క క్షణం తిప్పకుండా.

అలా సాగుతుండగా సామ్రాజ్యమ్మ గారి మనవడు కిట్టు సెలవులకి విజయవాడ నుంచి వచ్చాడు. ఇంకా పలక పట్టే వయసు. వాడికి మంగని జోడీగా పెట్టింది ఫుప్పు. మంగ వీధి మొదట్లో ఇస్త్రీ బండి వాళ్ళ అమ్మాయి, వాడికన్నా కాస్త పెద్దది. ఒకరోజు మబ్బు పట్టి గాలి తిరిగింది. పిల్లలు ఒణుకుతూనే ఆడుతున్నారు. డబ్బాల ఆట మంచి జోరు మీద ఉంది. ఫుప్పు విజిలు ఊదింది. చేతులన్నీ జంటలు జంటలుగా లేచాయి. మంగ ఒక్కతే ఒంటి చెయ్యి ఎత్తి నిలబడింది.

"నీ జోడీ ఏడే?" అంది ఫుప్పు.

మంగ అటూ ఇటూ చూసింది. అందరం తొట్లోకి చూశాం, బోదె పొడుగునా చూశాం. కిట్టు లేడు. ఫుప్పు "పిల్లల్ని గట్టు మీద కూర్చోబెట్టండి!" అని ఒక్క కేక వేసి తోట చివరికి పరిగెత్తింది. నేను పిల్లల్ని పైకి లాగుతుంటే దాదీ మంచం దిగి వచ్చి, నా చెయ్యి విడిపించింది. "వీళ్ళని నేను చూసుకుంటా. నువ్వు పో. దాన్ని ఒక్కదాన్నీ బావి దగ్గర ఉండనీకు, పో!" అంది.

నేను వెళ్ళేసరికి ఫుప్పు బావి ఒడ్డున నిలబడి ఉంది. అడ్డం వేసిన ముళ్ళకంపని మేకలు తొక్కేశాయో, గాలికి జరిగిందో, చిన్నపిల్లాడు దూరేంత సందు పడింది. కింద నీళ్ళు నల్లగా ఉన్నాయి. వాటి మీద అప్పుడే ఏదో పడ్డట్టు వలయాలు కదులుతున్నాయి. కప్ప అయి ఉంటుందని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మా ఇద్దరికీ ఆ ఆలోచన రాలేదు. కంప చీరకి చుట్టుకుంటే చింపేసుకుని ఫుప్పు మెట్లు దిగింది. మడమలు, మోకాళ్ళు, నడుము, చివరికి మెడ దాకా నీళ్ళలోకి వెళ్ళింది. ఈత రాదు ఆమెకి. నేను ఆఖరి పొడి మెట్టు మీద కూర్చుని ఆమె ఎడమ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాను. ఆమె కుడిచేత్తో, కాళ్ళతో నీళ్ళడుగున తడుముతోంది. గోడ వారన ఒకసారి, ఇంకాస్త లోపలికి ఒకసారి. పెదాలు కదులుతున్నాయి. కిట్టుని పిలుస్తోందనుకుని చెవి పెట్టి విన్నాను. ఆమె "కరీం, కరీం" అంటోంది.

పైనుంచి మంగ గొంతు వినపడింది. "ఫుప్పూ! కిట్టు ఉన్నాడు! కాయల పాకలో పడుకున్నాడు!"

ఫుప్పుకి వినపడలేదు. ఇంకా తడుముతూనే ఉంది. నేను చెయ్యి పట్టి గుంజి, "దొరికాడు ఫుప్పూ, పైకి రా, బాగానే ఉన్నాడట" అని అరిచాను. ఆమె ఆగింది. నీళ్ళలోంచి కుడిచెయ్యి పైకి తీసి, వేళ్ళు విప్పి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఏమీ తగల్లేదే షంషూ" అంది. "ఎంత వెతికినా ఏమీ తగల్లేదే." ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో కనపడిన తేట నేను ఇంకెవరి ముఖంలోనూ చూడలేదు. మెట్టు మీదికి వచ్చి కూర్చుని ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపు అందుకుంది. కొడుకు పోయిన నాడు రాని ఏడుపంతా ఆ బావి మెట్ల మీద వచ్చింది. నేను ఆపలేదు. ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. తడిసిన ఆ వీపు కాసేపటికి వెచ్చబడింది.

జరిగింది ఇంతే. గాలికి చలేసి కిట్టు ఆటలోంచి జారుకున్నాడు. కోసిన కాయల్ని మగ్గబెట్టడానికి గడ్డిలో పేర్చే పాక ఒకటి తోటలో ఉంది. మగ్గుతున్న కాయల వేడికి ఆ గడ్డి కుంపటిలా ఉంటుంది. అందులో దూరి నిద్రపోయాడు. మంగకి భయంతో ముందు మాట రాలేదు గానీ, మేం పరిగెత్తాక గుర్తొచ్చిందట. "చలేస్తోంది అన్నాడు ఫుప్పూ. వెచ్చగా ఉండేది పాకే కదా అని వెళ్ళి చూశా" అంది. అప్పటికి సామ్రాజ్యమ్మ గారు కూడా వచ్చింది. జుట్టు నిండా గడ్డిపరకలతో, మామిడిపండు వాసనతో నిద్రకళ్ళతో చూస్తున్న మనవణ్ణి ఎత్తుకుని, వీపు మీద ఒకటి వేసి, గుండెకి హత్తుకుని, మాతో ఒక్క మాట మాట్లాడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆట ఇక్కడితో సరి అనుకున్నాం. సాయంత్రం నాన్న కూడా, "వద్దులే బీబీ, నీ మనసు మంచిదే గానీ మనకి మాట వస్తుంది" అన్నాడు. మర్నాడు పొద్దున సామ్రాజ్యమ్మ గారు మా షాపు ముందుకి వచ్చి నిలబడేసరికి నాన్న చేతులు తుడుచుకుంటూ లేచాడు. దాదీ కొంగు తల మీదికి లాక్కుని, తిట్లు కాచుకోవడానికి సిద్ధమై ముందుకొచ్చింది. ఆవిడ ఎవర్నీ పట్టించుకోకుండా లోపలికి చూసి, "ఏమ్మా బీబీజాన్, కరెంటు వచ్చి ఇంతసేపయింది. పిల్లలేరీ?" అంది.

ఫుప్పు గుమ్మంలోకి వచ్చింది. "నిన్న అంత జరిగింది కదండీ..."

"జరిగింది నీ వల్ల కాదు. కంప వేసి చేతులు దులుపుకున్నాను చూడు, అది నా పొరపాటు. బావి మీదికి ఇనప జాలీ చేయించడానికి పొద్దున్నే మనిషిని పంపించా. అది బిగించేదాకా మా వాకిట్లో ఆడించు." గొంతు తగ్గించింది. "నీ విజిలు లేకపోతే వాడు కనపడట్లేదని అన్నాల వేళ దాకా నాకు తెలిసేదే కాదమ్మా. ఇంట్లో ఇంతమందిమి ఉండీ."

నాన్న మళ్ళీ ట్యూబు చేతిలోకి తీసుకున్నాడు. దాదీ మాత్రం, "మరి నా మంచం మీ వాకిట్లో ఎక్కడ వేస్తారు?" అని అడిగింది. ఆ తరవాత చాలా ఎండాకాలాలు ఆ తోటలో ఆటలు సాగాయి. ఫుప్పు బోదెలో పాదాలు పెట్టుకుని, పారే నీళ్ళని చూస్తూ కూర్చోవడం నేర్చుకుంది. నిండు ముసలితనంలో, మా అందరి మధ్య వెళ్ళిపోయింది.

నేను టీచరునై చాలా ఏళ్ళు విస్సన్నపేటలో పనిచేశాను. అందరికీ పరీక్షల రోజులంటే భయం. నాకు సెలవుల తరవాత బడి తెరిచే మొదటి రోజంటే భయం. ఎండాకాలం పోయి వచ్చిన పిల్లల పేర్లు పిలుస్తుంటే, ఒక్కో పేరుకీ జవాబు వచ్చేదాకా ఊపిరి ఆడేది కాదు. ఒకటి రెండు సార్లు జవాబు రాలేదు కూడా. ఆ పిల్లల ఊళ్ళల్లో బావులు ఉన్నాయి, చెరువులు ఉన్నాయి, ఆడించే మనిషి లేదు. ఇప్పుడు చాలా బావులు పూడిపోయాయి, మిగిలినవి ఎండిపోయాయి. సామ్రాజ్యమ్మ గారి తోట ప్లాట్లయింది. రేష్మ తొట్లలో నీళ్ళు ఏ చెట్టు మొదట్లోకీ పోవు, మురుగు కాలవలోకి పోతాయి. ఆ పాటల హోరులో పిల్లలు ఒకరినొకరు పిలుచుకున్నా వినపడదు. ఆ రోజులే బాగున్నాయని నా వయసు వాళ్ళు అంటుంటారు. నేను అనలేను. బోరు నీళ్ళ చల్లదనం, మామిడి గడ్డి వాసన కావాలంటే జ్ఞాపకంలో ఉన్నాయి. రేష్మ పెరట్లో ఇద్దరు ఆయాలు చూపు తిప్పకుండా నిలబడ్డారు. తడిసిన ప్రతి పిల్లాణ్ణీ తువ్వాలులో చుట్టి అమ్మ చేతికే ఇచ్చి పంపారు. ఆ శనివారం ఇంటికి వచ్చి నేను పగలే హాయిగా నిద్రపోయాను.

సెలవులయ్యాక బడి తెరిచిన రోజు పిలవకుండానే వెళ్ళాను. ఎందుకొచ్చావని రేష్మ అడగలేదు. ఆటోలు వచ్చి ఆగుతున్నాయి. ఎ.కొండూరు వైపు ఆటో కాస్త ఆలస్యంగా వచ్చింది. అందరూ లోపలికి వెళ్ళాక రేష్మ పేర్లు పిలుస్తుంటే తలుపు దగ్గర నిలబడి విన్నాను. పేరు తరవాత పేరు, గొంతు తరవాత గొంతు. ఒక పేరు దగ్గర జవాబు రాలేదు. రేష్మ మళ్ళీ పిలిచింది. నేను తలుపు చెక్క పట్టుకున్నాను. వెనక వరసలో ఒక బుడతడు బుగ్గ నిండా కుక్కుకున్న బిస్కెట్టు కష్టపడి మింగి, "ఉన్నా మేడమ్!" అని అరిచాడు. క్లాసంతా నవ్వింది. నేను చెప్పులు వేసుకుని ఇంటికి బయల్దేరాను.